పకీరిసామి సంచీలో చేప

చచ్చిపోయిన కమ్యూనిస్టు సంచీలో కూర్మమ్మ వండిన చేప దొరికింది.

గురువారం పొద్దున్న ఎనిమిది గంటలకు ఇన్‌స్పెక్టర్ తంగరాజు ఆ చేప ఉన్న సీసాను తెచ్చి రబ్బరు ఎస్టేటు దొర బంగళా వంటింటి బల్ల మీద పెట్టాడు. వెడల్పు మూతి గాజు సీసా. లోపల వేయించిన వంజరం ముక్కలు ఐదు. వాటి మధ్య ఉల్లిపాయ చక్రాలు, సన్నగా తరిగిన కారెట్టు, నిలువునా చీల్చిన మిరపకాయలు. అడుగున మిరియాల కంటే లావుగా, గోధుమ రంగులో నాలుగు గింజలు.

ఎక్కడ దొరికిందో ఆయన ముందు చెప్పలేదు. దొరసాని సీసాను చూసి నవ్వింది. ఇది తన ఇంటి చేపేనంది. తను పుట్టింది జమైకా దీవిలో. అక్కడ చేపను వేయించి వెనిగర్‌లో ఊరవేస్తారు, ఎస్కోవిచ్ అంటారు. ఆ గింజలు తన అక్క ఏటా ఓడలో పంపిస్తుంది, మలయా మొత్తం మీద ఇంకెవరి దగ్గరా ఉండవు. వండింది మాత్రం తన వంటమనిషి కూర్మమ్మ. ఇదంతా ఆవిడ గర్వంగా చెప్పింది, తంగరాజు రాసుకున్నాడు. పుస్తకం మూశాక అప్పుడు చెప్పాడు, నిన్న సాయంత్రం అడవి అంచున సైనికులు కాల్చి చంపిన పకీరిసామి సంచీలో ఇది ఉందని.

దొరసాని ముఖంలో నవ్వు పోయింది. ఉల్లిపాయలు తరుగుతున్న కూర్మమ్మ చెయ్యి ఆగింది.

పకీరిసామిని ఎస్టేటులో ఎరగనివాళ్ళు లేరు. ఒకప్పుడు ఇక్కడే చెట్లు గీసి రబ్బరు పాలు తీసేవాడు, యూనియన్ సెక్రటరీగా ఉండేవాడు. నలభై ఎనిమిదిలో ఎమర్జెన్సీ పెట్టి యూనియన్లను మూయించినప్పుడు అడవిలోకి పోయాడు. ఇప్పుడు యాభై ఏడు జూన్ నెల. ఆగస్టు ఆఖరున మెర్డెకా, తెల్లవాళ్ళు దేశం అప్పజెప్పి పోతున్నారు. ఆలోపల అడవిలో మిగిలినవాళ్ళను ఆకలితో మాడ్చి బయటికి రప్పించాలని ప్రభుత్వం పంతం.

అందుకే బటాంగ్ బెర్జుంటైకి ఆరు మైళ్ళలో ఉన్న ఈ ఎస్టేటులో ఎవరింట్లోనూ బియ్యపు గింజ ఉండకూడదు. ముళ్ళకంచె లోపల అందరికీ ఒకే వంటశాల, అక్కడ వండిన అన్నమే ఇంటింటికీ. వండిన అన్నం మర్నాటికి పాసిపోతుంది కాబట్టి అడవిదాకా చేరదు. కొట్లో కొన్న పాల డబ్బాకు కొట్టువాడే చిల్లు పొడిచి ఇస్తాడు. పనికి పోయే ఆడవాళ్ళ కొంగులు సైతం గేటు దగ్గర విదిలించి చూస్తారు. ఈ నిబంధనలు లేనిది ఒక్క బంగళాకే.

అన్నం పాసిపోతుంది సరే, ఈ చేప ఎన్నాళ్ళుంటుందని తంగరాజు అరవంలో అడిగాడు.

పది రోజులుంటుందని కూర్మమ్మ చెప్పింది. అబద్ధం చెప్పాలని ఆమెకు తట్టనే లేదు.

తొమ్మిదింటికల్లా ఆమె మొగుడు రామదాసును పట్టుకున్నారు. పోలీసులకు సంగతి సులువుగానే కనిపించింది. పెళ్ళాం వండింది. మొగుడు రబ్బరు పాల లారీ తోలుతాడు, రోజూ గేటు దాటుతాడు. శనివారం పొద్దున్న ట్రక్కు ఎక్కించి కౌలాలంపూర్ తీసుకుపోతారు. విచారణ ఉండదు. నిర్బంధం, ఆ తర్వాత మద్రాసు ఓడ. రామదాసు శ్రీకాకుళం పక్క పుట్టి, మూడేళ్ళప్పుడు తల్లి చంకలో ఇక్కడికి వచ్చినవాడు. మెర్డెకాకు ముందు ఓడ ఎక్కించినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ వెనక్కి పిలవరు. పెళ్ళాం వెంట పోతే ఆమె కూడా అంతే. కూర్మమ్మ పుట్టింది ఈ ఎస్టేటు కూలీల లైన్లలో, ఏడో నంబరు ఇంట్లో. మద్రాసు ఎటువైపు ఉంటుందో ఆమెకు తెలియదు.

జీపు ఎక్కుతూ రామదాసు ఆమె వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఏటే, నువ్వు గానీ ఇచ్చినావా?"

జీపు పోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా ఆ చేప వండుతోంది. రోజూ ఇంటికి పోయేటప్పుడు బంగళా గేటు దగ్గర గార్డు ఆమె టిఫిన్ క్యారియరు తెరిచి, కొప్పు కూడా తడిమి చూస్తాడు. ఆరేళ్ళలో ఒక్క ముక్క మొగుడి నోటికి అందించలేకపోయింది. అలాంటిది అడవిలో ఉన్నవాడికి పంపిందట. అదీ మొగుడే అడిగాడు.

ఆ సాయంత్రం నుంచి ఎస్టేటంతటికీ శిక్ష పడింది. అన్నం సగం చేశారు, పని అయ్యాక ఎవరూ గడప దాటకూడదన్నారు. మర్నాడు తెల్లారకముందే కొళాయి దగ్గర కూర్మమ్మ బిందె పెడితే పక్కనున్న ఆడవాళ్ళు తమ బిందెలు దూరం జరిపారు. పక్కింటి కామాచ్చి మాత్రం జరపలేదు. నీళ్ళు నిండేదాకా ఊరుకుని, బిందె ఎత్తుకుంటూ అంది.

"నా పిల్లలు గంజి తాగుతున్నారక్కా. నీ చేప తిన్నవాడు పొట్ట నిండి చచ్చాడు, పుణ్యాత్ముడు."

తనకేమీ తెలియదని కూర్మమ్మ చెప్పింది. తెలియనివాళ్ళకి జీపులు రావులే అని కామాచ్చి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్న తంగరాజు మళ్ళీ బంగళాకు వచ్చాడు. పై అధికారులకు రిపోర్టు పంపాలట. ఈ చేప ఎలా వండుతారో, అన్ని రోజులు ఎందుకు చెడదో కళ్ళారా చూసి రాయాలట. సాక్ష్యం సీసాను కూడా వెంట తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. కూర్మమ్మ ముందు వండనంది. దొరసాని బతిమాలింది. నా మొగుణ్ణి ఓడ ఎక్కించే కాగితానికి నా చేతి వంట కావాలా అని కూర్మమ్మ అరవంలో గట్టిగానే అడిగింది. తంగరాజు తల దించుకుని పెన్సిలు చెక్కుకున్నాడు.

చివరికి వండింది. వండకపోతే దాచిపెట్టిందంటారు.

క్వాలా సెలాంగూర్ నుంచి వచ్చిన వంజరం. వేలి మందాన ముక్కలు కోసి నిమ్మరసంతో రెండుసార్లు కడిగింది. గుడ్డతో ఒక్కో ముక్కనూ ఒత్తి తడి లేకుండా చేసింది. తడి ఉంటే నూనె చిమ్ముతుంది, నిలవా ఉండదు. ఉప్పు, మిరియాల పొడి రాసి కొబ్బరినూనెలో వేసింది. అంచులు గట్టిపడి గలగలమనేదాకా తిప్పలేదు. పక్క పొయ్యి మీద వెనిగర్ పెట్టి, ఉల్లి చక్రాలు, కారెట్టు, మిరపకాయలు, చెంచాడు పంచదార, పది జమైకా గింజలు వేసింది. ఆ గింజ నలిగితే లవంగం, చెక్క, జాజికాయ మూడూ కలిసిన వాసన వస్తుంది. దొరసాని ఊళ్ళో వాడే లావు మిరపకాయ ఇక్కడ దొరకదు కాబట్టి చిన్న గాటు మిరపకాయలే వేస్తుంది. ఉల్లి సగం మెత్తబడగానే దించి, ఆ వేడి వెనిగర్‌ను చేప మీద పోసింది. సర్రుమంది. ఘాటుకు తంగరాజు దగ్గి పక్కకు తిరిగాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. రేపటికి ముక్క లోపలిదాకా ఊరతాది. ఇంకేటీ నేదు."

తంగరాజు తల్లి తెలుగావిడ. ఆయనకు మాట్లాడడం రాదు, వింటే అర్థమవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని సాక్ష్యం సీసా మూత తీశాడు.

కూర్మమ్మ ముక్కుపుటాలు అదిరాయి. చెయ్యి చాచి సీసా అందుకుంది. ముట్టుకోకూడదని కానిస్టేబుల్ కసిరాడు. ఆమె వినలేదు. సీసాను వెలుగుకు పట్టుకుంది. పైన వేలెడు మందాన నూనె నిలిచి ఉంది. చూపుడువేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఇది నువ్వుల నూనె. నాను వాడేది కొబ్బరినూనె."

అయితే ఏమైందని తంగరాజు అడిగాడు.

"ఇందులో ఇంగువ ఉంది అయ్యా. కాచిన నూనెలో ఇంగువేసి పైన పోసినారు. మావిడికాయ ఊరగాయకి పోసినట్టు." ఆమె సీసాను ఆయన ముక్కు కిందకి తోసింది. "చేపలో ఇంగువ. మీ అమ్మ ఎప్పుడైనా ఏసిందా?"

తంగరాజు వాసన చూశాడు. ముఖం చిట్లించాడు. లేదన్నట్టు తల ఊపాడు.

"మా లైన్లలో రెండొందల కొంపలు. తెలుగోల్లు, అరవోల్లు, అందరం చేప తింటాం. ఎల్లుల్లి ఏస్తాం, చింతపండు ఏస్తాం. ఇంగువ ఒక్కరం ఎయ్యం. నీచుకీ దానికీ కలిస్తే నోట్లో పెట్టుకోలేం. చేప రుచి తెలిసినోడు ఈ పని సెయ్యడు."

తంగరాజు పుస్తకం తెరిచి నిన్నటి పేజీ తీసి పైకి చదివాడు. వండిన చేప ఎవరెవరికి పోతుందని నిన్న అడిగితే దొరసాని మూడు పేర్లు చెప్పింది. దొర బల్ల మీదికి, అసిస్టెంటు దొర ఇంటికి, ఎస్టేటు ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరు సీతారాంకు. మూడో పేరు మీద ఆయనే అడ్డగీత కొట్టాడు. ఎందుకంటే సీతారాం శాకాహారి. గుడ్డు కూడా ముట్టడని ఎస్టేటంతటికీ తెలుసు.

దొరసాని ఒక్కత్తే ఎరగదు. ఏడేళ్ళ క్రితం ఆవిడకు మలేరియా వస్తే సీతారాం మూడు రోజులు కనిపెట్టుకుని ఉన్నాడు. జ్వరం తగ్గాక ఆవిడ స్వయంగా ఈ చేప వండి వడ్డిస్తే చాలా బాగుందన్నాడు. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి గిన్నెడు చేప ఆయనకు పోతూనే ఉంది. వండడం నేర్చాక, దొరసాని చీటీ గేటు దగ్గర చూపించి ఆ గిన్నె మోసుకుపోయేది కూర్మమ్మే. ఏం చేస్తారయ్యా దీన్ని అని ఒకసారి అడిగితే, ఆస్పత్రి పనివాడు మణియానికి ఇస్తానన్నాడు. ఆమె ఇక ఆలోచించలేదు.

"ఆయన పాపం ఎంత ఇష్టంగా తింటాడో," అంది దొరసాని.

కూర్మమ్మ చేతులు కూడా కడుక్కోకుండా బయల్దేరింది. వెనక తంగరాజు, ఆయన వెనక సీసాతో కానిస్టేబుల్. ఆస్పత్రి అంటే రేకుల కప్పు, ఎనిమిది మంచాలు, ముందు గదిలో మందుల బీరువా. వెనక వరండాలో మణియం గుడ్డలు ఉడకబెడుతున్నాడు. డ్రెస్సరయ్య నీకు చేప ఎన్నిసార్లు ఇచ్చాడని కూర్మమ్మ అడిగింది.

మణియం నవ్వాడు. "చేపా? నేను ఎండుచేప తిని వస్తేనే నోరు కడుక్కుని రమ్మని పంపుతాడక్కా. ఆయన చేత్తో చేప ఇస్తే ఆ రోజు మెర్డెకా వచ్చినట్టే."

ఆమె ముందు గదిలోకి నడిచింది. సీతారాం తెల్ల కోటు వేసుకుని బల్ల దగ్గర రాసుకుంటున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, నుదుట సన్నని విభూతి. పెళ్ళాం రత్నావతి, కూతురు దేవకి కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంటారు, ఇక్కడ ఆయన ఒక్కడే, వంటశాల అన్నంలోకి తన కూర తనే వండుకుంటాడు. వారానికోసారి, మంగళవారంనాడు, కంచె అవతల ఎస్టేటుకే చెందిన దూరపు డివిజనుకు సైకిలు మీద మందుల పెట్టె పట్టుకుపోతాడు. విషం అని రాసి ఉండే ఆ పెట్టెను గేటు దగ్గర ఎవరూ తెరవరు.

ఏం కావాలని ఆయన ముందు ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు. తంగరాజు గుమ్మంలో నిలబడ్డాడు. కూర్మమ్మ కానిస్టేబుల్ చేతిలోంచి సీసా తీసుకుని, సీతారాం రాస్తున్న పుస్తకం మీద పెట్టింది.

"ఇందులో ఇంగువ ఎందుకేసినావు?"

ఇన్నేళ్ళలో ఆమె ఆయనను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. సీతారాం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంగువ తన ఇంట్లోనే ఉంటుందా అన్నాడు. ఊళ్ళో సగంమంది చారులో వేస్తారన్నాడు. దొరసాని పంపే గిన్నె మణియానికే పోతుందన్నాడు.

మణియం గుడ్డలు కలిపే కర్రతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చూడండి ఇన్‌స్పెక్టర్," అన్నాడు సీతారాం ఇంగ్లీషులోకి మారి, తర్వాత మళ్ళీ తెలుగులోకి వచ్చి. "పుట్టి బుద్ధెరిగాక నేను చేప అన్నది నోట పెట్టలేదు. అది అందరికీ తెలుసు."

"అందుకే," అంది కూర్మమ్మ. "అందుకే ఇంగువేసినావు. నీకు దాని రుచి తెల్దు, దాని నిలవ తెల్దు. ఎనిగర్లో ఊరిన చేపకి పైన నూనె అక్కర్నేదని చేప తినే గుంట కూడా సెప్తాది. మీ అమ్మ మావిడికాయకేటి సేసిందో నువ్వు దీనికి అదే సేసినావు. నీ మీద అనుమానం రాకుండా కాసింది నువ్వు చేప తినకపోడమే గదా? అదే నిన్ను పట్టిచ్చింది."

ఆమె గొంతు అప్పటిదాకా బానే ఉంది. అప్పుడు లేచింది.

"నా మొగుడు లారీ తోలినాడు డ్రెస్సరయ్యా. నీకు జొరమొస్తే నిన్ను ఎత్తుకుని ఆ లారీలోనే క్లాంగు ఆస్పత్రికి తీసుకెల్లినాడు. ఆ ముక్క రుచేటో కూడా తెల్దు ఆడికి. ఆణ్ణి రేపు పొద్దున్న ఓడకి తోలతన్నారు. నిన్న జీపు ఈ గుమ్మం ముందు నించే ఎల్లింది. నువ్వు ఆ కుర్చీలోనే కూకున్నావు."

తంగరాజు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. పక్కనే ఉన్న డ్రెస్సరు ఇంట్లో ఊరగాయలు పెట్టుకునే అల్మారా చూడాలని, తాళం ఇమ్మని అడిగాడు. గొంతు పెంచలేదు. కానిస్టేబుల్ చెయ్యి చాచాడు.

సీతారాం తాళాల గుత్తి జేబులోంచి తీశాడు. ఇవ్వలేదు. దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాడు. తంగరాజు రాసుకున్నాడు.

"పై అర కుడి పక్కన, మాగాయ సీసా వెనక ఇంకోటి ఉంటుంది. వచ్చే మంగళవారానికి పెట్టింది. వెతికించక్కర్లేదు.

"నేనే ఇచ్చాను. నాలుగుసార్లు. పకీరిసామి దూరపు డివిజనులో వెనక కిటికీ దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. క్వినైను కావాలన్నాడు, పుళ్ళకు మాత్రలు కావాలన్నాడు. ఇవ్వకపోతే ఒక రోజు నా సైకిలు తిరిగి రాదన్నాడు. బెదిరించినట్టు కూడా అనలేదు, మామూలుగా చెప్పాడు. మాత్రలు ఎలా ఇవ్వను? ప్రతి మాత్రా పుస్తకంలో ఉంటుంది. ఒక్కటి తగ్గినా నన్నే అడుగుతారు. ఆ రోజు దొరసాని గిన్నె ఇంట్లో ఉంది. ఏడేళ్ళుగా పదిహేను రోజులకోసారి దాన్ని గుంట తీసి పాతిపెడుతున్నాను. మొదటి రోజు ఆవిడ చేత్తో వడ్డిస్తే బుగ్గలో దాచుకుని బాగుందన్నాను, బయటికొచ్చి ఉమ్మేశాను. ఆ తర్వాత తిననని ఏ మొహంతో చెప్పను? అప్పుడు అనిపించింది, మాత్రల బదులు ఇది ఇస్తే, దీన్ని ఎవరూ పుస్తకంలో రాయరు కదా అని. నేను తినననీ అందరికీ తెలుసు, నన్ను అడిగేదెవరు?

"మంగళవారంలోపు చెడిపోతుందేమోనని నూనె కాచి పోశాను. నాకు తెలిసింది అదే. వాడు తిని, చేప బాగుందయ్యా, ఈ కంపేమిటి అన్నాడు. నేను చేపది అనుకున్నాను.

"రామదాసును పట్టుకున్నారని మణియం చెప్పాడు. రెండు రోజుల్లో వదిలేస్తారనుకున్నాను. సాయంత్రానికి ఓడ అన్నారు. అప్పుడు ఏమనుకున్నానో కూడా చెబుతాను, రాయండి. వాడు కష్టజీవి, ఎక్కడైనా బతుకుతాడనుకున్నాను. వాడికి అక్కడ ఎవరో ఒకరు ఉంటారనుకున్నాను. నాకు సెప్టెంబరులో పెద్దాస్పత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు, పౌరసత్వం కాగితం ఈ నెల్లో వస్తుంది, దేవకికి సంబంధం కుదిరింది. ఇవన్నీ ఒక పక్క పెట్టుకుని, ఒక లారీ డ్రైవరు ఇంకో పక్క, అని తూచుకున్నాను. భయపడి నోరు మూసుకున్నానని చెబితే మీరు కొంచెం జాలిపడతారు. భయం మొదటి గంటే. ఆ తర్వాత ఆలోచించే ఊరుకున్నాను.

"నిన్న మధ్యాహ్నం కూర్మమ్మ తలనొప్పని ఇక్కడికే వచ్చింది. రెండు మాత్రలు ఆమె చేతిలో పెట్టి, నిద్ర పొమ్మన్నాను, అన్నీ సర్దుకుంటాయన్నాను. నా చెయ్యి వణకలేదు. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది."